బఠానీలు ఒలిచేంతసేపు

పక్కింటి పిన్ని ఇస్త్రీ ఆమెతో అన్నదట, ఇస్త్రీ ఆమె మేడమీది వాళ్ళ చెవిన వేసిందట: "ఆ ఇంట్లో పెద్దాయనకి మాట పడిపోయింది కదా, కొడుకేమో ఫోనుతో మాట్లాడిస్తున్నాడు. మాటలు నేర్పడానికొచ్చిన అమ్మాయి అది చూసి, మొదటిరోజే ఆ కుర్రాణ్ణి కడిగిపారేసిందట. మొగుడూ పెళ్ళాలైనా అలా పోట్లాడుకోరమ్మా!"

పిన్ని గోడకు చెవి ఆనించి విన్నదే గనుక, చాలావరకు నిజమే.

పెద్దాయన బస్సు నడిపిన మనిషి. ఆయన గొంతు విప్పితే వెనక సీట్లో కునుకు తీసేవాడు కూడా ఉలిక్కిపడి లేచేవాడు. పక్షవాతం వచ్చి తగ్గాక కాలూ చెయ్యీ తిరిగొచ్చాయి. మాట మాత్రం సగం దారిలో ఆగిపోయింది.

కొడుకు యాప్‌లు డిజైన్ చేస్తాడు. తండ్రి కోసం కూడా ఒకటి తయారుచేశాడు. అది బొమ్మ చూపించి పేరు అడుగుతుంది. మూడు సెకన్లలో జవాబు రాకపోతే నవ్వుమొహం ఒకటి పైకొచ్చి, తేనె పూసిన గొంతుతో "పర్లేదు! మళ్ళీ ప్రయత్నిద్దామా?" అంటుంది.

మాటలు నేర్పే అమ్మాయి వచ్చిన మొదటిరోజు తెరమీద గొడుగు బొమ్మ వచ్చింది. పెద్దాయన పెదవులు గుండ్రంగా తిరిగాయి. "గొ..."

"పర్లేదు!" అన్నది ఫోను.

ఆయన ఫోను బోర్లించి గోడవైపు తిరిగాడు.

"ఎవరండీ దీన్ని చేసింది?" అన్నది అమ్మాయి.

"నేనే. ఫ్రెండ్లీగా ఉంటుందనీ..."

"మనిషి నోరు తెరిచేలోపు మీద పడిపోతోంది. ఇదేం ఫ్రెండ్లీ?"

"సైలెంట్‌గా ఉంటే యూజర్ కంగారుపడతాడండీ."

"యూజరేంటండీ, ఆయన మీ నాన్నగారు. కంగారు ఆయనకి కాదు, అసలు..."

"నాకంటారా?"

"చూశారా? నన్నూ పూర్తి చెయ్యనివ్వలేదు."

కోపం వస్తే ఆమె ఎడమ కనుబొమ్మ ఒక్కటే లేస్తుందని అతను గమనించాడు. గమనించినందుకు తనమీద తనకే ఒళ్ళు మండింది.

వెళ్ళేముందు ఆమె అతని తల్లితో చెప్పింది. "ఆంటీ, ఆయన అనబోయే మాట మీరు అందించకండి."

"నీళ్ళో నిద్రో చెప్పలేక ఆయన గింజుకుంటుంటే, చూస్తూ ఊరుకోమంటావా తల్లీ?"

"చూడకుండా ఊరుకోండి."

అదెలాగో తర్వాత వచ్చినప్పుడు తనే చూపించింది. వంటింట్లోంచి బఠానీకాయల పళ్ళెం తెచ్చుకుని పెద్దాయన పక్కన కూర్చుంది. "ఇవాళ ఏం వండమంటారు అంకుల్?" అని అడిగి, తలవంచుకుని కాయలు ఒలవడం మొదలుపెట్టింది.

బయట వాన. తల్లి పెదవులు అదురుతున్నాయి. కొడుకు నాలుక కరుచుకున్నాడు. సగం పళ్ళెం అయింది.

"బఠానీ..." అన్నాడు పెద్దాయన. చాలాసేపటికి, "వద్దు."

"అయ్యో! పెళ్ళయిన నాటినుంచీ వండిపెడుతున్నాను, ఒక్కనాడైనా నోరు విప్పారా?" అంటూ తల్లి నవ్వబోయి ఏడ్చేసింది.

ఆ యాప్‌ని ఇలాంటి రోగులందరికీ ఇద్దామని ఆఫీసులో అనుకున్నారు. కొడుకు నవ్వుమొహాన్నీ తేనె గొంతునూ తీసేస్తానన్నాడు.

"మరి జవాబొచ్చేదాకా తెర ఊరికే ఉంటుందా? ఫోను చచ్చిందనుకుంటారోయ్," అన్నాడు టీమ్ లీడర్.

సాయంత్రం అతను ఆమెకు ఫోన్ చేశాడు. "మీ చేతులు వీడియో తీసుకోవచ్చాండీ? కాయలు ఒలుస్తున్నట్టు."

"చేతులేనా?"

"ప్రస్తుతానికి."

జవాబు వచ్చేదాకా అతను ఆగాడు. "సరే," అన్నది.

కొత్త యాప్ గొడుగు బొమ్మ చూపించి, ఇక ఒక్క మాట అనలేదు. తెరమీద రెండు చేతులు, తమ పని తాము చూసుకుంటున్నట్టు, నింపాదిగా కాయలు ఒలుస్తున్నాయి. పెద్దాయన ఆ చేతులకేసే చూస్తూ కూర్చున్నాడు. "గొ..." అన్నాడు. చేతులు ఆగలేదు. "గొడుగు."

కొడుకు బాల్కనీలోకి వెళ్ళిపోయాడు. వానజల్లు కొట్టి మొహం తడిసిందన్నాడు, తర్వాత. ఆ రోజు మబ్బే లేదు.

ఆ నెలాఖరున అమ్మాయి బఠానీ పళ్ళెం ముందేసుకునే చెప్పింది. "అంకుల్ దారిన పడ్డారు. ఇక నేను రానక్కర్లేదు."



"పని లేకపోయినా రండి," అన్నాడు కొడుకు. "వచ్చి వెళ్ళడానికి కాదు. ఉండిపోవడానికి."

ఆమె చేతులు కాయమీదే ఆగిపోయాయి. తల ఎత్తలేదు.

"అంటే, తొందరేం లేదు. ఆలోచించుకునే చెప్పండి. ఇష్టం లేకపోయినా పర్లే..."

ఎడమ కనుబొమ్మ లేచింది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. పెద్దాయన వైపు తిరిగింది.

"విన్నారా అంకుల్? మళ్ళీ అదే పర్లేదు! ఈ మనిషితో జన్మంతా ఎలా వేగమంటారు?"

గుమ్మంలో ఉన్న తల్లి ఏదో అనబోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కొడుకు వంగి ఒక కాయ తీసుకుని ఒలవసాగాడు. ఎవరూ పెద్దాయన మొహంలోకి చూడలేదు. పళ్ళెంలో గింజలు ఒక్కొక్కటే పడుతున్నాయి.

"మీ అత్త..." అన్నాడాయన, గుమ్మం వైపు చెయ్యి చూపిస్తూ. ఊపిరి తీసుకున్నాడు.

"నాతో... వేగలా?"