డాష్‌క్యామ్ చూసిన జనాజా

నసీమాతో నా పెళ్ళై నెలైంది. అవనిగడ్డలో వాళ్ళ పుట్టింటి నుంచి తెల్లారగట్లే కార్లో బందరు బయల్దేరాం. పొలాలూ రోడ్డూ కలిసిపోయేంత మంచు. ఆ తెలుపులో మేమిద్దరమే మిగిలినట్టు హాయిగా ఉంది నాకు.

అద్దం దగ్గర కొత్తగా పెట్టించిన డాష్‌క్యామ్ చూసి నసీమా నవ్వింది. "ఇదెందుకండీ? దారిన పోయే అమ్మాయిల్ని తియ్యడానికా?"

"పిచ్చీ! రేపెవడైనా అడ్డమొచ్చి పడితే తప్పెవరిదో ఇదే చెప్తుంది."

"చెప్తుందిలే," అంటూనే నిద్రలోకి జారింది.

కాలవ మలుపులో అత్తరు వాసన... తడి మట్టి వాసన. ఎదురుగా తెల్లబట్టల మనుషులు జనాజా మోసుకెళ్తున్నారు. దారిలో శవం ఎదురైతే దిగి, కొన్నడుగులైనా భుజమివ్వడం మా అలవాటు. కారాపి, తలకి రుమాలు కట్టుకుని వెళ్ళాను. పాడెకి ఒక కొమ్ము దగ్గర ఎవరూ లేరు. భుజం పెట్టాను.

చల్లగా ఉంది. బరువుగా ఉంది. ఎవరి అడుగుల చప్పుడూ లేదు.

"ఎవరు పోయారండీ?" మెల్లిగా అడిగాను.

ముందున్నాయన తిరగలేదు. "ఇంకా తెలీదు బాబూ..."

వదిలేసి పరుగెత్తాను. నసీమా ఇంకా నిద్రలోనే ఉంది. బందరు దాకా వెనక్కి చూడలేదు.

ఇంటికొచ్చాక, వరండాలో ఎండలో కూర్చుని అంతా చెప్పాను. "ఏదీ, చూద్దాం," అని వీడియో తన ఫోన్లో పెట్టింది.

రోడ్డు మీద ఎవరూ లేరు.

నేనొక్కణ్ణే. ఖాళీ గాలికి భుజమిచ్చి నడుస్తున్నాను. "ఎవరితోనండీ ఆ కబుర్లు?" నసీమా నవ్వబోయింది. వీడియోలో నేను మంచులోకి వెళ్ళిపోయాను.

చూశాం... మంచు... మంచే...

కారు తలుపు పడిన చప్పుడు. ఇంజను. కారు కదిలింది.

"మీరు తిరిగి రాలేదేంటి?"

"వచ్చాను కదా! నీ పక్కనే ఉన్నాను కదా!"

చెయ్యి పట్టుకోబోయాను. వెనక్కి లాక్కుంది. నన్ను అలా ఎప్పుడూ చూడలేదు... ఎవరో పరాయివాణ్ణి చూసినట్టు.

"నసీమా, నేను సుహైల్‌నే..."

అప్పుడే ఫోన్లోంచి, కారు వెనక ఎక్కడో దూరం నుంచి, నా గొంతు.

"నసీమా! ఆగు... వాడు నేను కాదు..."

వీడియో అయిపోయింది. తెర నల్లబడింది.

గొంతు మాత్రం ఆగలేదు. పిలుస్తూనే ఉంది.

నసీమా నా మీంచి చూపు తియ్యకుండా లేచి నిలబడింది. ఫోన్ని నోటి దగ్గరగా పెట్టుకుని, మెల్లిగా అంది.

"అక్కడే ఉండండి... వస్తున్నాను."