తొలి ఏడుపు రికార్డు

ఆషాఢ అమావాస్య... సాయంత్రపు సూర్యుణ్ణి రాహువు అంచు నుంచి కొరకడం మొదలుపెట్టాడు.

భీమవరం దిగువన, కాలవ గట్టు మీదున్న ఆ ఊళ్ళో ఒక్క ఇంటి మీదా పొగ లేదు. ఆవకాయ జాడీల మీద, పెరుగు గిన్నెల మీద దర్భలు పడ్డాయి. రాత్రయిందనుకుని గుడ్లగూబలు రొయ్యల చెరువుల గట్ల మీదికి దిగాయి. సముద్రం వైపు ఉరుమొకటి పుట్టి, తెగకుండా దొర్లుతూనే ఉంది...

సుభద్రాయమ్మ ఇంటి వెనక గదిలో ఆమె కోడలు నీలవేణి నొప్పులు పడుతోంది. గ్రహణవేళ నిండు చూలాలు కదలకూడదని మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టారు. మంచం పక్కన చెక్కపెట్టె మీద, బ్యాటరీతో నడిచే గ్రామఫోను. దాని ముందు బాసింపట్టు వేసుకుని అబ్బులు.

ఒకప్పుడు పెళ్ళిళ్ళకు మైకుసెట్టు అద్దెకిచ్చినవాడు అబ్బులు. క్యాసెట్లు వచ్చాక వాడి రికార్డులు అడిగేవారు లేకపోయారు. ఊరు తన మైకు విననందన్న పగతో క్షుద్రవిద్యలకని శ్మశానం పట్టాడు. నీలవేణి తొలి కాన్పులో బిడ్డ ఏడవకుండానే పోయాడు. ఈసారి బిడ్డను గ్రహణదోషం నుంచి కాపాడే మంత్రాల రికార్డు ఉందని చెప్పి వాడు ఇంట్లో అడుగుపెట్టాడు. నీలవేణి మొగుడు రొయ్యల చెరువుల మీద ఉన్నాడు. సుభద్రాయమ్మ నమ్మింది.

"గ్రహణం విడిచేదాకా పొయ్యి వెలగకూడదండి. అగరొత్తి కూడా వద్దండి," అని వాడు మరీమరీ చెప్పాడు.

ఆ రికార్డు మీద పాట లేదు... గీత లేదు... అద్దంలా నున్నటి నల్లటి ప్లాస్టిక్. గ్రామఫోను వెనక చీకట్లో, ఎవరి కంటా పడకుండా, ఒక పసికందు కపాలం. సూది ఉండాల్సిన చోట ఎముక ములుకు. గ్రహణంలో పుట్టిన బిడ్డ తొలి ఏడుపు ఆ నలుపులోకి ఎక్కితే బిడ్డ ఊపిరి అక్కడితో ఆగుతుంది. ఆ ఏడుపును మైకులో విన్న ప్రతి మనిషీ అబ్బులుకు బానిస అవుతాడు! అందుకోసం వాడు తన ప్రాణాన్నే ఆ రికార్డులో నిక్షేపించాడు. పాతకాలపు లక్క రికార్డయితే కేక తగిలితే పగులుతుంది. ఇది పగలదు, తడవదు. వేడి ఒక్కటే దీనికి గిట్టదు. పెళ్ళిపందిట్లో ఎండ తగిలి ఇలాంటి రికార్డులు అప్పడాల్లా వంకరపోవడం వాడు ఎరుగును. అందుకే సూర్యుడు చల్లబడి, ఊరంతా పొయ్యిలు ఆరిపోయిన ఘడియ ఎంచుకున్నాడు.

రికార్డు తిరిగింది. నీలవేణి వెన్ను విల్లులా వంగింది. నోరు తెరిచింది... గొంతులో చప్పుడు లేదు. ఆమె కేక గది మూలనున్న మైకు బూరలోంచి వచ్చింది! నున్నటి నలుపు మీద వెంట్రుకంత గాడి ఒకటి పడింది.

అప్పుడే దొడ్డి తలుపు తోసుకుని మంత్రసాని వచ్చింది. పేరు చిన్నమ్మాయి. ఊళ్ళో సగం మందిని చేతుల్లోకి అందుకున్న ముసలిది.

"నీళ్ళు కాగాయాండి?"

"గ్రహణంలో పొయ్యేంటే? అబ్బులు వద్దన్నాడు," అంది సుభద్రాయమ్మ.

"అయితే వాణ్ణే కనమనండి. లోపలి బిడ్డ పంచాంగం చూసుకుని వస్తాదేంటండి?"

జవాబు కోసం ఆగలేదు. పెరట్లో కొబ్బరి మట్టలు అంటించి నీళ్ళ కాగు ఎక్కించి, వచ్చి నీలవేణి కాళ్ళ దగ్గర కూర్చుంది.

పొగ వాసనకు అబ్బులు కళ్ళు చింతనిప్పులయ్యాయి.

"ఆ పొయ్యి ఆర్పవే ముసలీ. లేకపోతే నాలుక కోసి ఈ ములుక్కి గుచ్చుతాను."

"కొయ్యరా అబ్బులూ. పుట్టినప్పుడు నువ్వు ఏడవకపోతే వీపు మీద చరిచి ఏడిపించింది నేనే. ఇంకోటి చరచమంటావేంటి?"

తిరుగుతున్న రికార్డును వదిలి అబ్బులు లేవలేకపోయాడు. బయట సూర్యుడు సన్నటి గోటి గీతగా మిగిలాడు. గదిలో దీపం లేదు. నీలవేణి పెదాలు కదలకుండానే బూర అరుస్తోంది... గాడి మీద గాడి పడుతోంది... బిడ్డ తల కనపడింది. ఇక తనను ఆపేవాళ్ళు లేరనుకున్న అబ్బులు మెల్లగా నవ్వాడు.

"తొలి బిడ్డ ఏడుపునీ గోడవతల కూర్చుని నేనే లాగానండి, అమ్మగారూ. అప్పుడు లక్కది వాడాను, పగిలిపోయింది. ఇదిగో, ఈ కపాలం మీ మనవడిదే."

సుభద్రాయమ్మ గ్రామఫోను వెనకున్న కపాలం వంక చూసింది. ఆ చిన్న తలకు తన అరచేయి చాలు... గ్రహణంలో మంచినీళ్ళు కూడా ముట్టని మనిషి పెరట్లోకి నడిచింది. మరుగుతున్న కాగును ఒట్టి చేతులతో ఎత్తుకుని గదిలోకి వచ్చింది.

"చేతులు కాలతాయండీ," అంది చిన్నమ్మాయి.

ఆమె వినలేదు. కాగును రికార్డు మీద కుమ్మరించింది.

నల్లటి అంచులు వాడిన తామరాకులా కిందికి వాలాయి. గాడులు పూడుకుపోయాయి. ప్రాణం పోయడానికి కాచిన నీళ్ళవి. ప్రాణం తీసే మంత్రం వాటి ముందు నిలవలేదు! అబ్బులు వేళ్ళు వంగాయి... మోకాళ్ళు వంగాయి... దవడ మెత్తబడి గుండెల మీదికి జారింది. వాడు అరవబోయాడు. బూరలోంచి సన్నటి బుస ఒక్కటే వచ్చి ఆగిపోయింది. గ్రామఫోను ముందు ఎముకల్లేని ముద్ద ఒకటి కుప్పగా మిగిలింది.

చిన్నమ్మాయి జారిన బిడ్డను అందుకుని వీపు మీద చరిచింది.

తర్వాత ఏడుపు. గోడలు అదిరేంత ఏడుపు... మంచం మీంచి.

"బతికుందా, అత్తయ్యగారూ?" నీలవేణి అడిగింది. బొంగురుపోయినా, ఆమె గొంతే.

"వినపడట్లేదేంటమ్మా? ఆడపిల్ల. ఊరంతా లేచొచ్చేలా ఉంది," అంటూ చిన్నమ్మాయి బిడ్డను తల్లి గుండెల మీద పెట్టి, ఊరుకోబెట్టాలని వీపు నిమరబోయింది.

బొబ్బలెక్కిన చేతులు ఎడంగా పెట్టుకుని సుభద్రాయమ్మ మంచం మీదికి వంగింది.

"ఊరుకోబెట్టకే. ఎంతసేపు ఏడుస్తుందో ఏడవనీ."