తడవని తాడు

“నత్తా, ఈసారైనా కాస్త పరుగెత్తు,” అన్నాడు బాస్.

ఏజెంట్ నత్తకు ఆ పేరు ఆఫీసులో వాళ్ళు పెట్టిందే. ప్రతి పనీ నిదానంగా, ఒకటికి రెండుసార్లు చూసుకుని గాని చేయడు. అందుకే ఇంకా ప్రాణాలతో ఉన్నానని అతని నమ్మకం.

బాస్ టేబుల్ మీద ఒక ఫోటో పడేశాడు. అందులో ఉన్నది తమ మనిషే. నిన్న సాయంత్రం నడిబజారులో ఎవరో కాల్చి చంపారు.

“పోయే ముందు ఒక్క ముక్క చెప్పగలిగాడు. తల్లి ఫారంలో పెట్టేశారు అని.”

“ఏం పెట్టారు సార్? బాంబా?”

“బాంబైతే తీసి పారేసేవాళ్ళమయ్యా! వైరస్. స్వైన్ ఫీవర్. పట్టిందంటే పంది బతకడం కల్ల, మందు లేదు. దేశంలో సగం షెడ్లకు పందిపిల్లలు ఆ ఫారం నుంచే వెళ్తాయి. ఇవాళ మధ్యాహ్నం ట్రక్కులు కదుల్తాయి. మన షెడ్లు ఖాళీ అయితే అవతలి దేశం పంది మాంసం ఓడలు మన రేవుల్లో దిగుతాయి. అదీ ప్లాన్.”

“ట్రక్కులు ఆపించండి.”

“ల్యాబ్ రిపోర్ట్ నెగటివ్. చచ్చినవాడి మాట పట్టుకుని ఏ ఆఫీసరు ఆపుతాడు? ప్రూఫ్ కావాలి. లోపల పశువుల డాక్టరుగా మన ముత్యం ఉంది. నువ్వు ‘వానొచ్చేలా ఉంది’ అను. ఆమె ‘గొడుగు తేలేదు’ అంటుంది.”

మొదటి ట్రక్కు వెళ్ళేది నత్త వాళ్ళక్క షెడ్డుకే. బావ పోయాక అక్క ఒంటిచేత్తో నిలబెట్టుకున్న షెడ్డు అది. కిందటేడు వేరే జబ్బు వచ్చి తుడిచిపెట్టుకుపోతే, ఈ పందిపిల్లల కోసం కళ్ళల్లో వత్తులు వేసుకుని కూర్చుంది. తమ్ముడు దాణా కంపెనీలో సేల్స్‌మన్ అనుకుంటుంది పాపం. వాళ్ళనీ వీళ్ళనీ బతిమాలి మొదటి ట్రక్కు ఆమెకు ఇప్పించింది కూడా ఆ తమ్ముడే.

ఫారం వాకిట్లోనే స్నానాల గది. బయటి బట్టలు, ఫోను, చివరికి పిన్నీసు కూడా అక్కడే వదిలి, తలారా స్నానం చేసి, వాళ్ళిచ్చే బట్టలు తొడుక్కుంటే గాని లోపలికి పంపరు. వైరస్ మనిషి ఒంటి మీదా చెప్పుల మీదా ఎక్కి వస్తుందని భయం. రేడియో ఉన్న వాచీ, పిస్తోలు దాచిన బూటు, గంటసేపు కూర్చుని అతికించుకున్న మీసం, అన్నీ స్నానాల గది పాలయ్యాయి. ఏజెంట్ నత్త వదులు పైజామా ఎగదోసుకుంటూ దేశాన్ని కాపాడడానికి బయల్దేరాడు.

లోపల ముత్యం ఎదురొచ్చింది. ఫారం చొక్కాలో కూడా కళ్ళు తిప్పుకోనివ్వని మనిషి.

“వానొచ్చేలా ఉంది.”

“గొడుగు తేలేదు.” ఆమె నవ్వింది. “అనవసరంగా వచ్చావు. అన్ని షెడ్లలో తాళ్ళు కట్టాను. అన్నీ నెగటివ్.”

తాళ్ళ సంగతి అతనికి అక్క దగ్గర తెలిసిందే. ఒక్కో పందిని పట్టుకుని సూది గుచ్చలేక దొడ్డికో నూలు తాడు వేలాడదీస్తారు. పందులు ఎగబడి నములుతాయి. ఆ తాడు పిండితే వచ్చే చొంగను పీసీఆర్ మిషన్‌లో పెడితే, వైరస్ ఉంటే దొరికిపోతుంది.

ముత్యం పక్కన నడుస్తుంటే మల్లెల సెంటు గుప్పుమంది. భలే ఉంది అనుకున్నాడు నత్త. అక్కడే పప్పులో కాలేశాడు.

చివరి షెడ్డులో అతని కాళ్ళు ఆగిపోయాయి. పందులన్నీ మూలకు చేరి ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. చెవులు కందిపోయాయి. తాడు మాత్రం కొత్తదానిలా పొడిగా వేలాడుతోంది. ఒక్క పంటి గాటు లేదు. ఒళ్ళు కాలిపోయే పంది తాడు ముట్టుకోదు. మరి ఈ షెడ్డు పేరుతో ల్యాబ్‌కు వెళ్ళిన చొంగ ఎవరిది?

అప్పుడు గుర్తొచ్చింది, సెంటు. తలారా స్నానం చేసి వచ్చిన మనిషి దగ్గర సెంటు వాసనేమిటి?

“చచ్చిన పందుల్ని తీసుకెళ్ళే వెనక తలుపులోంచి వచ్చావు కదూ?”

“పోయిన వారం కూడా,” అంది ముత్యం. “రోగం మాంసం ముక్కతో.” ఆమె చేతిలో పిస్తోలు మెరిసింది. స్నానం ఎగ్గొట్టిన మనిషి దగ్గరే కదా పిస్తోలు ఉండేది!

నత్త చేతికందింది ఆ తాడే. ఊడలాగి మణికట్టు మీద కొట్టాడు. గుండు నీళ్ళ పైపులో దిగింది. ఇద్దరూ బురదలో దొర్లారు. చివరికి అదే తాడుతో ఆమె చేతులు కొయ్యకు కట్టేసి, పిస్తోలు తీసుకుని బయటికి పరుగెత్తాడు.

మొదటి ట్రక్కు గేటు వైపు కదులుతోంది.

“ఆపు! ఆపవయ్యా!” గొంతు చించుకున్నాడు. ఇంజను మోతలో ఎవరికీ వినబడలేదు. కాళ్ళ ముందు ఎర్ర గీత, స్నానం చేయకుండా దాటకూడని హద్దు. రోగం షెడ్డులో దొర్లిన ఒళ్ళు. గీత దాటి పరుగెత్తితే వైరస్‌ను తనే బయటికి మోసినట్టు. స్నానం చేసి వచ్చేసరికి ట్రక్కు ఊరు దాటుతుంది. నత్తకు ఏడుపొచ్చింది. గేటు దగ్గర అక్కే నిలబడి ఉన్నట్టు అనిపించింది.

గీత మీద మోకాళ్ళూని కాల్చాడు. తప్పింది. ముందు చక్రాలు గేటు కమ్మీ ఎక్కాయి. జీవితంలో మొదటిసారి రెండోసారి చూసుకోకుండా కాల్చాడు.

ఢామ్మని టైరు పేలింది. ట్రక్కు గేటుకు అడ్డంగా కూలబడింది.

సాయంత్రానికి పందుల రక్తం పరీక్ష చేశారు. మిషన్ తెర మీద గీత నిలువునా లేచింది, వైరస్ ఉన్నట్టే. ఫారం మొత్తం చంపి పూడ్చాల్సిందే. ట్రక్కులో పందిపిల్లలు ఏమీ తెలియక కమ్మీల్లోంచి ముట్టెలు బయటపెట్టి చూస్తున్నాయి. నత్త అటు చూడలేకపోయాడు.

మళ్ళీ తలారా స్నానం చేసి బయటికొచ్చాక ఫోను మోగింది.

“ఒరేయ్, ట్రక్కేదిరా? పొద్దున్నుంచీ గేటు తీసి కూర్చున్నాను!”

“రాదక్కా. దార్లో టైరు పేలింది.”

అవతల గేటు మూసిన చప్పుడైంది. “సర్లే, నా రాత. నువ్వైనా వచ్చి ఇంత తిని వెళ్ళు.”

రోగం షెడ్డులో దొర్లినవాడు అక్క షెడ్డు ఛాయలకు వెళ్ళకూడదు. “కొన్నాళ్ళు రాలేనక్కా.”

“ఎందుకు రాలేవు? ఆ టైరేదో నువ్వే పేల్చినట్టు మొహం చాటేస్తావేం?”

ఇన్నాళ్ళ సర్వీసులో నత్తను ఇంత తేలిగ్గా పట్టేసినవాళ్ళు ఇంకొకరు లేరు.