కరగని తెల్లపొడి

మందుల ఫ్యాక్టరీలో పనిచేసే పెద్ద కెమిస్ట్‌ని పట్టపగలు లిఫ్టులో పొడిచేశారు. పోయే ముందు అతని నోట వచ్చింది ఒకటే మాట: "మెగ్నీషియం."

గంట తిరక్కుండా ఏజెంట్ పిచ్చుకకి బాస్ నుంచి పిలుపొచ్చింది. ఊరు ఊరంతా ఊపిరితిత్తుల జబ్బుతో మంచం పట్టింది. ఉన్న మందల్లా ఆ ఫ్యాక్టరీలోని ఒక్క ట్యాంకు, పొడవాటి ఆర్‌ఎన్‌ఏ దారాలతో చేసింది. విదేశీ ముఠా అందులో ఇంకో ఆర్‌ఎన్‌ఏ కలిపేసింది. ఇది ఎంజైమ్‌లా పనిచేస్తుంది, మందు దారాల్ని కోసే కత్తెరన్నమాట. కానీ మెగ్నీషియం అయాన్లు అందితేగాని సరిగ్గా మడత పడదు, కోత కొయ్యదు. అందుకే తనిఖీలో ఎవరికీ దొరకలేదు. ఇక మెగ్నీషియం పడిందా, మందు ముక్కలై వట్టి నీళ్ళతో సమానం. ఈడీటీఏ అనే తెల్లపొడి ముందే కలిపితే మెగ్నీషియాన్ని జలగలా పట్టుకుంటుంది. తర్వాత తీరిగ్గా కత్తెరని వడగట్టుకోవచ్చు.

"మీ అక్కయ్య అదే జబ్బుతో ఉందట కదా," అన్నాడు బాస్ తలెత్తకుండా.

పిచ్చుక లేచి బయల్దేరాడు. అమ్మ పోయాక తనను చంకనేసుకుని పెంచిన అక్క. పొద్దున చూసినప్పుడు ఒక్కో ఊపిరినీ బావిలోంచి తోడుకుంటున్నట్టు పీలుస్తోంది.

మెకానిక్ వేషం, లైటర్‌లో దాచిన మారుతాళం. ట్యాంకు గదిలో పట్టుచీర, ఎర్రగోళ్ళతో నెమలి నిలబడి ఉంది. ముఠాలో మన మనిషి అని బాస్ చెప్పిన కెమిస్ట్ ఆమే. "వాన పడేలా ఉంది," అన్నాడు. "నా గొడుగుకి చిల్లు," అంది. సంకేతం సరిపోయింది. ఆమె చేతిలోని పిస్తోలు మాత్రం అతని గుండెకే గురిపెట్టి ఉంది.

మెగ్నీషియం గొట్టాన్ని ట్యాంకుకి వెల్డింగ్ చేసేశారు. వాల్వ్ మీద టైమర్ పరుగెడుతోంది. తీగ తెంపితే వాల్వ్ ఇప్పుడే తెరుచుకుంటుందని ఆమే చెప్పింది.

చావుకి తెగించి పిచ్చుక అరలోని ఈడీటీఏ డబ్బా అందుకున్నాడు. బకెట్ నీళ్ళలో బోర్లించి కలిపాడు. పొడి కరగలేదు, ఇసుకలా అడుగున కూర్చుంది. చేతులు నొప్పెట్టేలా తిప్పాడు. మళ్ళీ అడుక్కే చేరింది. అక్క ప్రాణం ఆ బకెట్ అడుగున ఉండిపోయిందని ఏడుపొచ్చింది.

నెమలి కాసేపు చూసింది. ఇక ఊరుకోవడం ఆమెవల్ల కాలేదు.

"మీకెవరూ నేర్పలేదా? కాస్టిక్ సోడా పడందే అది కరగదు."

"కాల్చేదైతే కాల్చండి. లేదా మీ పక్కనున్న ఆ సోడా సీసా ఇటివ్వండి."

"మీ చేతికా? మొత్తం ఒలకబోస్తారు."

సీసా బరువు. వొంచాలంటే రెండు చేతులూ కావాలి. ఆమె పిస్తోలు బల్లమీద పెట్టి కొంచెం కొంచెంగా పోసింది. పొడి మాయమై నీళ్ళు తేటపడ్డాయి. బకెట్ ఎత్తి ట్యాంకులో గుమ్మరించాడు. ఆఖరి చుక్క పడిందో లేదో వాల్వ్ టక్కున తెరుచుకుంది. పిచ్చుక ట్యాంకులో కర్రేసి తిప్పుతుండగానే నెమలి పిస్తోలు తీసుకుని తలుపు దాటింది.

సాయంత్రానికల్లా పరీక్ష చేస్తే ఒక్క దారమూ తెగలేదు. వారం తిరిగేసరికి అక్క లేచి కూర్చుంది, చిక్కిపోయావేంట్రా అని తమ్ముణ్ణే తిట్టింది.

బాస్‌కి ఒక్క అనుమానమే మిగిలిపోయింది. నెమలి ఇంతకీ మన మనిషా, వాళ్ళ మనిషా? కళ్ళముందే వెళ్ళిపోతుంటే ఎందుకు పట్టుకోలేదు?

"చెయ్యి ఖాళీ లేదు సార్," అన్నాడు పిచ్చుక. "తిప్పడం ఆపొద్దని చెప్పి మరీ వెళ్ళింది."