లక్ష ఛాయల్లో ఒకటి

2081 నాటికి వెబ్‌సైటును ఎవరూ తెరిచి చదవడం లేదు, లోపలికి నడిచి వెళ్తున్నారు. కళ్లకు పలుచని పొర తగిలించుకుని విశాఖపట్నం బీచ్ రోడ్డు మీద నిలబడి రెండడుగులు వేస్తే చాలు, ఒక బట్టల కంపెనీ గదుల్లోనో ఆసుపత్రి గదుల్లోనో ఉంటారు. అక్కడి గోడలు మాట్లాడతాయి, అడిగినదానికి జవాబిస్తాయి. అన్ని గదులూ అందంగానే ఉండడంతో, ఎవరి మాట నమ్మాలో తేల్చుకోవడం జనానికి కష్టమైపోయింది.

డాక్టర్ బెహరా తేజోవతి ఛాయామండలాన్ని నిర్మించింది అందుకే. జనాభా లెక్కలప్పుడు ఇష్టపూర్వకంగా ఒప్పుకున్న లక్షమంది చదివే తీరును ఆ యంత్రం నేర్చుకుంది. ఒక మనిషి ఎక్కడ ఆగుతాడు, దేనికి విసుక్కుంటాడు, ఏ మాటకు మెత్తబడతాడు అన్నదంతా కలిపి ఒక ‘పాఠక ఛాయ’, అంటే ఆ మనిషి రీడింగ్ సిమ్యులేషన్. ఛాయకు పేరు ఉండదు, ముఖం ఉండదు. అది ఎవరిదో ఇతరులకు చెప్పడానికి చట్టం ఒప్పుకోదు. సొంతదారు స్వయంగా యంత్రం ముందున్న బల్ల మీద అరచెయ్యి ఆనిస్తేనే అతని ఛాయను చూపిస్తుంది.

వెబ్‌సైటును పరీక్షించాలంటే లక్ష ఛాయలనూ ఒక్కసారే దానిలోకి పంపుతారు. ఛాయామండలం ఉన్న గుమ్మటం కప్పు మీద ఒక్కో ఛాయ ఒక్కో చుక్కగా కనిపిస్తుంది. లోపల అడుగు పెట్టగానే నీలం, నమ్మకం కుదిరేకొద్దీ బంగారు రంగు. విసిగి బయటికి వెళ్లిపోతే చుక్క ఆరిపోతుంది.

ఆ జనవరిలో దువ్వూరి సర్వమంగళ తన సంస్థ వెబ్‌సైటును పరీక్షకు తెచ్చింది. ఆమె స్థాపించి నడిపే సుభాషిణి ముప్పై ఏళ్ల ప్రజా సంబంధాల సంస్థ. సముద్రం ముందుకు వస్తున్నందువల్ల భీమిలి నుంచి పైకి ఉన్న మత్స్యకార గ్రామాల కోసం ప్రభుత్వం నీటిమీద తేలే ఇళ్లు కట్టింది. తుపాన్ల కాలంలోపు ఆ కుటుంబాలు మారాలి. కానీ ఆ ఇళ్లను ఎవరూ నమ్మడం లేదు. వాళ్లకు నచ్చజెప్పే పని సుభాషిణికి దక్కాలంటే, ముందు దాని సొంత వెబ్‌సైటు నూటికి నలభైమంది నమ్మకం సంపాదించాలి. తన గురించి తాను నమ్మించలేని సంస్థ ఇతరుల గురించి ఏం చెబుతుందన్నది ప్రభుత్వం వాదన.

సర్వమంగళకు ఆ విషయంలో బెంగ లేదు. రెండేళ్లు కూర్చుని ప్రతి గదినీ దగ్గరుండి కట్టించానని తేజోవతితో చెప్పింది.

దీపాలు ఆర్పేశారు. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత గుమ్మటం నిండా లక్ష నీలి చుక్కలు ఒక్కసారి పూసినట్టు వెలిగాయి. అవి ఉత్త చుక్కలు కావు, లక్షమంది మనుషుల ఆసక్తి. కొన్ని మిణుకుమంటున్నాయి, కొన్ని గుంపులుగా కదులుతున్నాయి. సర్వమంగళ కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది. ఎన్నో వందల సభలు చూసిన మనిషి, ఇంతమంది ఒక్కసారి తన వైపు తలతిప్పడం ఎప్పుడూ చూడలేదు.

నాలుగు నిమిషాలు గడిచేసరికి తూర్పు వైపు చుక్కలు ఆరడం మొదలైంది. ఎనిమిదో నిమిషానికి కప్పు సగం నల్లబడింది. ఇరవయ్యో నిమిషానికి ఒక్కటంటే ఒక్కటే మిగిలింది. అది మాత్రం నిండు బంగారు రంగులో, రెప్ప వెయ్యకుండా వెలుగుతోంది. అంత చీకటిలో ఆ ఒక్క వెలుగును చూడటానికి తేజోవతి కూడా లేచింది. ఇన్నేళ్లలో అంత గట్టి నమ్మకాన్ని ఆమె ఎరగదు.

“ఆ ఛాయ ఎక్కడుంది?” అని అడిగింది.

“అవార్డుల గదిలో ఉంది,” అంది మండలం. “ఆరుసార్లు వచ్చింది. వ్యవస్థాపకురాలి పాత ఫొటో దగ్గర అన్నిటికంటే ఎక్కువసేపు ఆగింది. జనం రాసిన ఉత్తరాల గదికి వెళ్లలేదు.”

సర్వమంగళ ముఖం వెలిగింది. తన సంస్థను అర్థం చేసుకున్న పాఠకుడు ఒకడైనా ఉన్నాడని, అతనెవరో తెలిస్తే అలాంటివాళ్ల కోసమే సైటంతా మళ్లీ కట్టిస్తానని గబగబా చెప్పుకుపోయింది. ఇంకా ఏమేం చేశాడని మండలాన్ని అడిగింది. ఫొటో కింద పేరులో ఒత్తు సరిగ్గా ఉందో లేదో ఆ ఛాయ రెండుసార్లు దగ్గరికెళ్లి చూసిందని మండలం చెప్పింది.

ఆ మాటతో సర్వమంగళ ఆగిపోయింది. తన పేరు ఎక్కడ రాసి ఉన్నా ముందు ఆ ఒత్తే చూసుకోవడం ఆమెకు అలవాటు. చాలాసేపు కప్పు వైపే చూసింది. ఆ తర్వాత మెల్లగా నడిచివెళ్లి బల్ల మీద అరచెయ్యి ఆనించింది. పైన ఆ ఒక్క చుక్క ఒకసారి పెద్దదై, మళ్లీ మామూలైంది.



“జనాభా లెక్కలప్పుడు సంతకం పెట్టాను. ఆ సంగతే మర్చిపోయాను,” అంది సర్వమంగళ. “మిగతావాళ్లు ఎక్కడ వెళ్లిపోయారో చూపించండమ్మా.”

తేజోవతి చూపించింది. గుమ్మంలోనే సగంమంది ఒకే ప్రశ్న వేశారు: మావంటివాళ్లకు మీరేం చేశారు? గోడలు అవార్డుల పేర్లు చదివాయి. వాళ్లు వెనక్కి తిరిగారు. నాలుగువేలమంది మాత్రం ఎలాగో వెతుక్కుని ఉత్తరాల గదికి చేరారు. అక్కడ చేపలమ్మే ఆడవాళ్ల సంఘం రాసిన ఉత్తరం ముందు కాసేపు లేతబంగారు రంగుకు తిరిగారు. ఆ గది తలుపు అంతకుమించి ఎక్కడికీ తెరుచుకోదు. అందుకని వాళ్లూ ఆరిపోయారు.

సర్వమంగళ మూడు నెలల గడువు అడిగి తీసుకుంది. ఊరూరా తిరిగిందని, పాత పనుల్లో జరిగిన తప్పుల గురించి జనం తిట్టినవి కూడా రాసుకుందని తేజోవతి విన్నది.

ఏప్రిల్‌లో కొత్త వెబ్‌సైటు వచ్చింది. మళ్లీ లక్ష చుక్కలు వెలిగాయి. ఈసారి ఆరేవి ఆరుతుంటే, మిగిలినవి ఒకదాని పక్కన ఒకటి రంగు మారుతూ వచ్చాయి. చివరికి గుమ్మటం అంతా పండిన వరిచేను మీద ఎండ పడినట్టయింది. అరవై ఒక్క వేలు. ఇంతవరకు మండలంలో ఏ సంస్థకూ అంత రాలేదు. ఇద్దరు స్త్రీలూ తలలు పైకెత్తి నిలబడ్డారు. ఆ వెలుగులో సర్వమంగళ చెంపలు తడిగా మెరిశాయి.

కొంతసేపటికి ఆమె వెళ్లి బల్ల మీద చెయ్యి పెట్టింది. పైన ఎక్కడా ఏ చుక్కా పెద్దది కాలేదు.

“మీ ఛాయ అందరికంటే ముందు వెళ్లిపోయింది,” అంది మండలం. “పదకొండో సెకనులో.”

సర్వమంగళ నవ్వబోయింది. నవ్వు సరిగ్గా రాలేదు.

“ఏముందమ్మా అందులో నాకు? నా ఊసే లేదుగా,” అంది.

తేజోవతి అభినందించి, ఫలితం ఆ మధ్యాహ్నమే ప్రభుత్వానికి పంపిస్తానని, వానల ముందే పని మొదలుపెట్టవచ్చని చెప్పింది. సర్వమంగళ తలూపి గుమ్మం దాకా వెళ్లి, అక్కడే ఆగింది.

“పాత సైటు చెరిపేశారా?”

“లేదండి. పరీక్షించినవన్నీ మండలంలో అలాగే ఉంటాయి.”

సర్వమంగళ చేతిసంచి సర్దుకుంది. తేజోవతి కళ్లలోకి చూడకుండా, “ఒక్క ఐదు నిమిషాలు అందులోకి వెళ్లొస్తాను,” అంది.

తేజోవతి ఆమెకు కంటిపొర అందించి, బయట వరండాలో కూర్చుంది. గంటన్నర గడిచినా లోపల ఉన్న సర్వమంగళను పిలవలేదు.