కొట్టం మన్ను

ఇచ్చోడ దాటినంక పత్తిచేన్ల నడుమ ఒక పాత ఎడ్లకొట్టం ఉన్నది. మన్ను గోడలు, పైన పెంకలు, ఒక్కటే తలుపు. ఆసామి కొడుకులు ఎడ్లను అమ్ముకొని ట్రాక్టర్లు కొన్నంక అండ్ల గబ్బిలాలు తప్ప ఏం లేకుండె. మొన్న ఎండకాలం మందమర్రి నుంచి జ్యోతిరాణి అనే పిల్ల వచ్చి దాన్ని కిరాయికి తీసుకున్నది. తండ్రి బొగ్గుబాయిల పనిజేసి రిటైరైండు, బిడ్డేమో బొమ్మలు గీస్తది. తనసొంటోళ్లు ఇంకో ముగ్గురున్నరు, నలుగురం కలిసి గీసుకునే స్టూడియో చేస్తమన్నది. సిమెంటు పెడితె లోపల పొయ్యి తీరుగ మండుతది, మన్నుతోనే పూయాలె, చేతనైనోళ్లు ఎవరున్నరని ఊర్ల అడిగింది.

ఉన్నది ఒక్క చంద్రవ్వనే.

చంద్రవ్వకు డెబ్బై దాటినయి. పోయిన కార్తీకంల పెనిమిటి రామచంద్రం కాలం జేసిండు. అప్పటిసంది ఇంట్ల ఒక్కతే కూసుంటె పానం పోయినట్టే అయితున్నది, పనంటె లేచి వచ్చింది. ఆ కొట్టం ఆమెకు కొత్తది గాదు. రామచంద్రం ఆ ఆసామి దగ్గరనే జీతమున్నడు. కొట్టం పక్కపొంటి గుడిసెలనే వాళ్ల కాపురం. గా గుడిసెలనే మూడో కాన్పు అయింది. మల్ల ఆడపిల్లనే. మూడు నెల్లు బతికింది, జరమొచ్చి పోయింది.

పాలుదాగే పిల్లలను కాలవెట్టరు, బొందవెడ్తరు. యాడ పెట్టిండ్రో తల్లికి చెప్పరు. చెప్తె తల్లి పోయి తవ్వుకుంటదని భయం. రామచంద్రం, ఆయన తమ్ముడు భూమన్న ఇద్దరు రాత్రి చీకట్ల ఎత్తుకపోయిండ్రు, చేతులు కడుక్కొని వచ్చిండ్రు. గంతే. నలభై ఐదేండ్లు అడిగింది చంద్రవ్వ. ముసలాయన సచ్చేముందట మంచం పట్టె పట్టుకొని సుత అడిగింది. ఆయన అటుదిక్కు తిరిగి పండుకున్నడు గని నోరు ఇప్పలే.

ఆ జాగ ఒక్కసారి చూస్తె చాలు. మీద చెయ్యివెట్టి జరసేపు కూసుంటె చాలు. ఆమెకు ఇంకో కోరిక లేదు.

మొదటిరోజు జ్యోతిరాణి ట్రాక్టరుల ఎర్రమన్ను తెప్పించింది. చంద్రవ్వ గుప్పెట్ల పిసికి చూసి కిందవారేసింది.

"ఇది పూస్తె వారానికే పర్రెలు వడి పగుల్తది బిడ్డా. గీ కొట్టంల నేల తవ్వున్రి. ఏండ్లకేండ్లు ఎడ్ల ఉచ్చ తాగిన మన్ను. చెదలు పట్టది, పర్రె కొట్టది."

బొమ్మలోళ్లకు సుత అది నచ్చింది. నేల ఎట్లనన్న లోతు చెయ్యాల్నాయె. తవ్వుతుంటె పాత పెండ వాసన, ఉచ్చ వాసన గుప్పుమన్నది. ఎడ్లు మేత తినే రెండో గాడి ముందట గడ్డపార దిగేసరికి మన్ను నల్లగ, వెన్న తీరు మెత్తగ వచ్చింది. చంద్రవ్వ దాన్ని వేళ్లతోని రాసి చూసి మురిసింది. ఇది ఏరువడ పెట్టున్రి, లోపలి గోడకు పైపూతకు ఇదే అన్నది. నీళ్లు చల్లి, గడ్డి కలిపి, చీర ఎగ్గట్టుకొని పొద్దంత కాళ్లతోని తొక్కింది. మన్ను మడిమెలకు అంటుకుంటె ఊడిరాలే. జ్యోతిరాణి నవ్వి, అవ్వా, నువ్వు పనిజేస్తున్నవా డాన్సు చేస్తున్నవా అని అడిగితె, నీ పెండ్లికి ఇప్పటిసందే నేర్చుకుంటున్న అన్నది చంద్రవ్వ. ముసలాయన పోయినంక ఆమె నవ్వుడు గదే మొదలు.

నాలుగొద్దుల పూత అయిపోయింది. ఎండకాలం గాలికి గోడలన్ని సాయంత్రానికే ఆరినయి. ఒక్క జాగ ఆరలే. తూర్పుగోడకు, రొమ్ముల ఎత్తుల, చిన్నపిల్ల తలకాయంత తడి. పైన పెంక ఏమన్న పగిలిందా అని చూసిండ్రు. వాన లేదు, మబ్బు లేదు. ఫ్యాను పెట్టిండ్రు. చంద్రవ్వ పొడిమన్ను అద్ది మల్ల పూసింది. తెల్లారి మిట్టమధ్యాహ్నానికి మల్ల తడి. దగ్గరికి పోతె ముర్రుపాల వాసన. చెవి పెడితె లోపట ఏదో... చప్పరిస్తున్నట్టు.

ఎలుకలు గావచ్చు అన్నది చంద్రవ్వ. జ్యోతిరాణి ఇంకోసారి గోడకు చెవి పెట్టింది.

ఆరోరోజు పగటీలి భూమన్న వచ్చిండు, వదిన ఏం పనిజేస్తున్నదో చూద్దామని. గడప దాటి నాలుగడుగులు ఏసి, రెండో గాడి ముందట గుంత చూసి నిలవడ్డడు. కట్టె కొసతోని గుంత అంచు తట్టిండు.

"ఈడి మన్నేం జేసిన్రు వదినె?"

చంద్రవ్వ గోడలు చూపెట్టింది.

భూమన్న గుంత అంచుకు కూసున్నడు. మెల్లగ అన్నడు... "నక్కలు తవ్వకుండ అన్న ఈడ పెట్టిండు. ఎడ్లు తొక్కితె నేల గట్టివడ్తదని."

చంద్రవ్వ తన కాళ్లు చూసుకున్నది. వేళ్ల సందుల్ల నల్లమన్ను ఎండి ఉన్నది. పొద్దంత తొక్కింది. నవ్వుకుంట తొక్కింది.

ఏడ్వలే. గీ ముచ్చట చెప్పెతందుకు నలభై ఐదేండ్లు ఎందుకువట్టిందని అడిగింది. భూమన్న తల ఎత్తలే.

"మన్ను ఏస్తుంటె బట్ట మెదిలింది వదినె. గొంతు ఇనవడ్డది. అన్న ఆగలే." గుంతదిక్కే చూసుకుంట మల్ల అన్నడు, "నువ్వు గుడిసె గడపల నిలవడ్డవు. ఇరవై అడుగుల దూరం. నీకు ఇనవడలేదా?"

చంద్రవ్వ వంగి వేళ్ల సందుల మన్నును గోరుతోని గీకింది.

ఇనవడ్డది. లేగ అరిసిందనుకున్నది. లేగనే అని మనసుకు చెప్పుకున్నది. పిల్లను చేతులకెల్లి ఇచ్చినప్పుడు సుత దాని ఒళ్లు సల్లవడలే. రొమ్ములల్ల పాలు లేకుండె, ఇంట్ల గింజ లేకుండె, ముందుగాల్నే ఇద్దరాడపిల్లలు. ఆమె ఇచ్చింది.

భూమన్న కట్టె ఊతవట్టుకొని ఎల్లిపోయిండు. మిగిలినోళ్లు బువ్వకు పోయిండ్రు. బయట వడగాలి కొడుతున్నది. దుమ్ము వస్తున్నదని జ్యోతిరాణి తలుపు పెట్టి, పడమటి గోడకు నిలవడి బొగ్గుతోని ఏదో గీసుకుంటున్నది. లోపట సగం చీకటి. పెంకల సందులకెల్లి ఎండ సూదుల తీరు దిగుతున్నది.

చంద్రవ్వ తూర్పుగోడ కాడికి పోయింది. రైక ముడి ఇప్పింది. ఎండిపోయిన రొమ్మును తడిమీద ఆనిచ్చింది.

"తాగు బిడ్డా... తాగు..."

తడి పోయింది.

కండ్లముందటనే ఆరిపోయింది. జానెడు అవుతల మల్ల పుట్టింది. ఆమె అటు జరిగింది. అది ఇంకింత జరిగింది. కొత్తమనిషి ఎత్తుకోబోతె పిల్ల మొఖం తిప్పుకున్నట్టు. చంద్రవ్వ గోడపొంటి పాకింది. మోచేతులు గీరుకపోయినయి. నేనే బిడ్డా... అవ్వనే... అది ఆగలే. మూల తిరిగింది. ఉత్తరం గోడ. మల్ల మూల. పడమటి గోడ...

బొగ్గు కిందవడ్డ చప్పుడైంది.

జ్యోతిరాణి గోడకు మొఖం పెట్టి నిలవడ్డది. కదులుతలేదు. కాదు... కదులుతున్నది. మెల్లగ, ఎడమకు, కుడికి. భుజం మీద పిల్లను జోకొట్టినట్టు. చెయ్యి గోడను తడుముతున్నది. చప్పరిచ్చే సప్పుడు ఇప్పుడు చెవి పెట్టకుండనే ఇనవడుతున్నది.

"బిడ్డా, ఇవుతలికి రా," అన్నది చంద్రవ్వ.

జ్యోతిరాణి వెనుకకు చూడలే.

"ఉష్ష్... అవ్వా... గిప్పుడే నోటవట్టింది."

చంద్రవ్వ ఆమె నడుముకు రెండు చేతులేసి గుంజింది. రాలే. కాలు గోడకు తన్నివెట్టి ఉన్న బలమంత పెట్టి గుంజింది. తడిబట్ట చినిగిన సప్పుడై ఇద్దరు ఎల్లెలుకల వడ్డరు. పిల్ల ఒళ్లు కాలుతున్నది. కుర్తా ముందటంత పాలు. పాలల్ల ఎరుపు. చంద్రవ్వ బట్ట జరిపి చూసింది. చుట్టూత గుండ్రంగ, చిన్నచిన్నగ, దగ్గరదగ్గరగ గాట్లు.

మూడు నెల్ల పిల్లకు పండ్లు రావు.