ఐదేండ్ల గుంజలు

జహనుమా నుంచి ఫలక్‌నుమా స్టేషన్‌కు పోయే అడ్డదారిలో ఒక కట్టెల అడితి ఉండేది. పొద్దంతా మామూలు జాగనే. ఆఖరి బండి పోయి, చుట్టుపక్కల కార్ఖానాలు బంద్ అయినంక మాత్రం ఆ దారిన ఎవ్వరూ నడువకపోయేది.

ఎందుకంటే లోపలి నుంచి చప్పుడు వచ్చేది. టక్... టక్... కొంచెం ఆగి — టక్.

మీద మొద్దు పడి సచ్చిన హమాలీ ఎవడో కింది నుంచి తట్టుతుండని అనేటోళ్లు. నన్ను బయటికి తియ్యుండ్రి అని తట్టుతడట. ఆ మొద్దు ఏదో, ఆ హమాలీ ఎవరో ఎవ్వరికీ తెల్వదు. అయినా అందరం నమ్మినం. నేను గూడ ఆ మూల మీదికి రాంగనే కొంగు నెత్తి మీదికి లాక్కునేదాన్ని. కొంగును చూస్తే దయ్యం ఎందుకు భయపడ్తదో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

ఇది మా తమ్ముడు సాయిలు చెప్పిన ముచ్చట. రెండువేల ఒకటిల జరిగింది. వాడు మలక్‌పేట గంజిల, ధాన్యం మార్కెట్ల, హమాలీ పని చేస్తుండె. పహాడీషరీఫ్ అవతల గుట్ట కింద మా బాపు ఇచ్చిన రెండెకరాలుండె. పల్లి వేస్తే అడవి పందులు తవ్వుకపోయేటియి. రెండుసార్లు గుంజలు పాతి ముళ్ల తీగె కట్టిండు. రెండుసార్లూ గుంజలను చెదలు తిన్నయి, తీగె నేల మీద పండుకున్నది, పందులు నిమ్మళంగ దాటినయి.

"మనం పల్లి ఏస్తున్నమా, పందులను సాదుతున్నమా?" అన్నది వాని పెండ్లాం నాగమణమ్మ. "ఈ పంట గూడ పోతే భూమి అమ్ముదాం."

బాపు భూమి అమ్ముడంటే వానికి పానం పోయినట్టే. ఈసారి ముప్పై ఏండ్లకు గూడ కదలని గుంజలు తెస్తనని ఒట్టు పెట్టుకున్నడు. గంజిల పని దిగి అడితి కాడికి చేరేసరికి ఆఖరి బండి పోయింది.

గేటు దగ్గరికి వేసి ఉన్నది. తోసిండు. లోపల మనిషెత్తు కట్టెల వరుసలు...

టక్.

నిలబడ్డడు.

టక్... టక్...

వరుసల నడుమ తెల్లగ ఏదో వంగి ఉన్నది. ఒక ముసలాయన. ఒంటి మీద ధోతి తప్ప ఏం లేదు. చిన్న సుత్తితోని గుంజను తట్టి, దానికి చెవి ఆనించి, కండ్లు మూసుకుని వింటుండు — లోపల ఎవరో మాట్లాడుతున్నట్టు.

"చప్పుడు చెయ్యకు," అన్నడు గుసగుసగ. "వింటున్న."

సాయిలు గేటు పట్టుకున్నడు. "గుంజలు... కావాలె."

"చేను ఏడ?"

చెప్పిండు. పహాడీషరీఫ్ అవతల, గుట్ట కింద.

సుత్తి ఆగింది. ముసలాయన వాని దిక్కు తిరిగిండు. మెల్లగ చెయ్యెత్తి, తారు పూసిన నీలగిరి గుంజల కుప్ప చూపిండు.

"గవ్వి తీస్కపో. ఐదేండ్లు వస్తయి. గంతే సాలు."

"నాకు ముప్పై ఏండ్లయి కావాలె, తాతా."

"ముప్పై ఏండ్లు ఏం జేస్తవు కొడుకా... ఐదేండ్లయినంక నీకు కంచెతోని పనే ఉండది."

సాయిలు వెనుకకు చూడకుండ ఉరికిండు. ఒక చెప్పు అక్కడనే పోయింది.

తెల్లారి పట్టపగలు పోయి అడితి యజమాని సీతారాంను అడిగిండు. "రాత్రి మీ తాన ఎవరన్న ముసలాయన ఉంటడా, సేట్?"

"రాత్రి ఈడ ఎవ్వలుంటరు భాయ్?" అని సీతారాం చిన్నగ నవ్విండు. "ఉన్నా, మనుషులైతే కారు." చెప్పును మటుకు టేబుల్ కింది నుంచి తీసిచ్చిండు.

పంతానికి మా తమ్ముడు ఆ అడితిలనే పాత రైలు పట్టాల కింది స్లీపర్లు చీల్చి చేసిన గుంజలే కొన్నడు. ముప్పై ఏండ్ల సరుకు. పాతి, తీగె లాగిండు. పందులు వచ్చి మూతి ఆనించి చూసి మర్లిపోయినయి. పల్లి మస్తు పండింది. వాడు మాత్రం ఆ గుంజలను చూసుకుంట కండ్లు తుడుచుకునేటోడు. ఐదేండ్లయినంక ఇవి ఉంటయి, నేను ఉండ అని.

బీడి బంద్ పెట్టిండు. మైసమ్మకు కోడిని కోసిండు, దర్గాల చాదర్ కప్పిండు. పన్నెండేండ్లు మాట్లాడని దాయాది పాలోని ఇంటికి పోయి చాయ్ తాగిండు.

"సచ్చేటోడు గిన్ని రొట్టెలు తింటడా?" అని నాగమణమ్మ ఎక్కిరించేది. రాత్రి లేచి వాని ముక్కు కాడ వేలు పెట్టి చూసేదట, అది వేరే సంగతి.

ఐదో ఏడు నిండంగ ఒక కాయితం వచ్చింది. వానికి చదువు రాదు, నా తానికి తెచ్చిండు. నాకు అప్పుడప్పుడే రాత్రి బడిల అక్షరాలు వస్తున్నయి. వేలు పెట్టి ఒక్కొక్కటే కూడబలుక్కున్న.

"ఏమున్నదక్కా? నా పేరేనా?"

"నీ పేరే. కింద నీ చేను నంబరు. పెద్ద రోడ్డు వస్తదట... నీ చేను నడిమిట్ల నుంచి."

వాడు నవ్విండు. ఐదేండ్లల్ల అట్ల నవ్వంగ నేను చూడలే. "అంటే నేను సావనా, అక్కా?"

వాడు ఏడ్చింది ఆ తర్వాత. చేను పోయిందని అప్పటికి అర్థమైంది.

గుంజలను రోడ్డు పనోళ్లు మిషన్‌తోని పీకిండ్రు. ఒక్కదానికీ చెద లేదు. మిషన్ నడిపేటాయన, "మంచి మాల్ భాయ్," అని మెచ్చుకున్నడట.

వాటిని అడితిలనే వాపస్ ఇద్దామని ట్రాలీల వేసుకుని పోయిండు సాయిలు. గేటు కాడ ఎండల కూసొని ఒక ముసలాయన చాయ్ తాగుతుండు. అదే ధోతి.

సాయిలు దూరం నుంచే అడిగిండు. "నువ్వు... మనిషివేనా?"

"అంజన్‌ను. ఈడ కావలోణ్ని. పొద్దంతా కార్ఖానాల లొల్లి, కట్టె లోపల డొల్లనో గట్టినో వినబడదు. గందుకే రాత్రి తట్టి చూస్త."

"మరి సేటు ఎవ్వలుండరన్నడు?"

"గీ ముసలోణ్ని చూసి దొంగలు భయపడ్తరా? దయ్యమంటే భయపడ్తరు."

"నేను ఐదేండ్లే బతుకుతనంటివి గద..."

"నీ బతుకు ముచ్చట నాకేం ఎరుక? నువ్వు రాకముందు వారమే సర్వేకొచ్చిన సార్లు మా తాన కొయ్య గూటాలు కొన్నరు, గా గుట్ట కింద కొలతకు పాతనీకి. ఐదేండ్లల్ల రోడ్డు పడ్తదని మాట్లాడుకున్నరు. ఎవ్వలకు చెప్పకన్నడు సేటు, తెలిస్తే గుంజలు ఎవ్వలు కొంటరని. అయినా నీకు చెప్పిన. నువ్వే ఉరికినవు."

అంజన్ లేచి ట్రాలీ కాడికి వచ్చి, ఒక గుంజను సుత్తితోని తట్టి చెవి ఆనించిండు. మొఖం వెలిగింది.

"ఇంక పాతికేండ్లు ఢోకా లేదు కొడుకా. ఏడ పాతుతవు?"

సాయిలు నోరు తెరిచిండు. అప్పుడే బండి కూత పెట్టుకుంట వచ్చింది. గుంజ మీది చెవి తియ్యకుండనే అంజన్ చెయ్యెత్తిండు.

"ఆగు... లొల్లి పోనీ. మల్ల చెప్పు."

బండి పోయింది. అంతా సప్పుడు లేకుండ అయింది. అంజన్ కండ్లు మూసుకుని వింటుండు.

సాయిలు ట్రాలీ మీది గుంజలను ఒక్కొక్కటే కిందికి దించుడు మొదలుపెట్టిండు.